వేపకాయంత విశేషాలు

ముందుగా ఒక లెక్క. 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు. మొత్తం 95. వీటిని కూర్చి మీ వీధి చివరి వేపచెట్టు ఏటా తన గింజల్లో చడీచప్పుడు లేకుండా తయారుచేసే పదార్థం అజాడిరక్టిన్. అదే పదార్థాన్ని ప్రయోగశాలలో అ ఆల నుంచి తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో రసాయన శాస్త్రవేత్త స్టీవెన్ లే బృందానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలుసా? 22 ఏళ్లు! 2007లో గానీ పని పూర్తి కాలేదు. ఈలోగా చెట్టు ఎన్ని కాపులు కాసి రాల్చేసిందో!

ఆ తయారీలో మొత్తం 71 అంచెలు. అన్నీ దాటాక చేతికొచ్చిన దిగుబడి 0.00015 శాతం. అంటే పది లక్షల అణువులతో మొదలుపెడితే చివరికి మిగిలేది ఒకటో రెండో. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు గానీ, ఇక్కడ దొరికింది ఎలుక మీసమే!

అంత అవస్థ ఎందుకంటారా? ఆ అణువులో కుడిఎడమల తేడా వచ్చే మలుపులు 16 ఉన్నాయి. లెక్క ప్రకారం 65,536 రకాలుగా కుదరవచ్చు. అందులో చెట్టు ఎంచుకున్నది ఒకే ఒక్క కూర్పు. కాలిక్యులేటర్ లేకుండా కొట్టేసింది మన వేప!

వేప గొప్పతనాన్ని పాశ్చాత్య శాస్త్రవేత్తలకు చాటిచెప్పింది ఎవరో మీకు తెలుసా? మిడతలు! 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చగా కనిపించినదల్లా ఊడ్చేసింది. దండు వెళ్లిపోయాక జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ చూస్తే వేపచెట్లు మాత్రం నిండా ఆకులతో నిలబడి ఉన్నాయి. అన్నీ తినే మిడతలే వద్దన్న వంటకమన్నమాట!

మూడేళ్లకు, 1962లో, ఢిల్లీ మీదికి మిడతలొచ్చాయి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల్లో శాస్త్రవేత్త ప్రధాన్ బృందం వేప గింజల ద్రావణం చల్లి చూసింది. మిడతలు వాలాయి, తినలేదు, లేచిపోయాయి. పెళ్లికొచ్చి భోంచేయకుండా వెళ్లే చుట్టాలను మొదటిసారి చూసింది దేశం!

వేపమందు కొడితే పురుగు టపీమని చావదు. అసలు తమాషా తర్వాత ఉంది. మొదట దానికి తిండి సహించదు. తిన్నా, పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కునే హార్మోన్ల లెక్క తప్పుతుంది. బిగుసుకుపోయిన చొక్కాలోనే ఇరుక్కుని కన్నుమూస్తుంది. చొక్కా విప్పలేక చావడం కన్నా ఘోరం ఉందా!

ఇప్పుడు కోర్టు సీను. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకీ 1994లో ఐరోపా పేటెంట్ ఇచ్చింది. మన అవ్వలు గాదెలో వేపాకు వేసుకున్న రోజుల్లో అమెరికా అనే దేశమే లేదు! భారత్‌లో ఈ పద్ధతి ముందు నుంచీ వాడుకలో ఉందని వాదించి, పోరాడి, 2000లో ఆ పేటెంట్‌ను కొట్టేయించారు.

కంపెనీ వైపు అప్పీలు కూడా ఓడిపోయింది. ఏ రోజునో మీకు తెలుసా? 2005 మార్చి 8. అంతర్జాతీయ మహిళా దినోత్సవం! పోరాటంలో ముందు నిలిచిన ముగ్గురు వందనా శివ, మాగ్డా ఆల్వోట్, లిండా బుల్లార్డ్. ముగ్గురూ మహిళలే. సినిమాలో ఇలా రాస్తే అతి అంటాం!

2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా అంతా వేపనూనె పూసుకునే బయటికి రావాలని నియమం. పూత ఉంటే నేలలో యూరియా నుంచి నత్రజని నిదానంగా విడుదలవుతుంది, సబ్సిడీ బస్తా ఫ్యాక్టరీల దారి పట్టడమూ కష్టమవుతుంది. దొంగలకు కూడా చేదే!

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం ఏమిటి? వేప! 2018లో ప్రకటించారు. పురుగుమందుల ఫ్యాక్టరీకి రాచ మర్యాద చేసి, ఏటా ఉగాదికి దాని పువ్వును చింతపండు రసంలో కలుపుకు తినే జనం ఇంకెక్కడైనా ఉన్నారా?

మన పొలాల్లో బ్రహ్మాస్త్రాలు వాడుతున్నారని మీకు తెలుసా? యుద్ధకాండ కాదు, ప్రకృతి వ్యవసాయం. సుభాష్ పాలేకర్ పద్ధతిలో వేపాకు, ఆవు మూత్రం, పేడ కలిపితే నీమాస్త్రం. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు గోమూత్రంలో మరిగిస్తే అగ్నిఅస్త్రం. సీతాఫలం, ఉమ్మెత్త లాంటి ఆకులు కాస్తే బ్రహ్మాస్త్రం. ఇంద్రజిత్తు కూడా ఇంత ఘాటు చూసి ఉండడు!

అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల పేరు విన్నారా? పత్తి మందుల అప్పులతో అల్లాడిన ఆ ఊరు 2000 దశకం తొలి ఏళ్లలోనే వేప గింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణంతో రసాయన మందులకు సెలవిచ్చేసింది. ఊరు ఊరంతా! తర్వాత వరంగల్ వైపు ఏనబావి ఇంకో మెట్టెక్కి ఎరువుల బస్తాలకూ స్వస్తి చెప్పింది. మందుల కొట్ల వాళ్లకు తప్ప అందరికీ పండగే!

కషాయం కొలత? ఎకరానికి సరిపోయే 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపపప్పు పొడి. రాత్రంతా నానాలి, గుడ్డలో వడకట్టాలి, కాస్త సబ్బు కలపాలి, సాయంత్రం పూట కొట్టాలి. ఎందుకు సాయంత్రం? ఎండ తగిలితే అజాడిరక్టిన్ విరిగిపోతుంది. కేంబ్రిడ్జిలో 22 ఏళ్లు పట్టింది ఎండలో నాలుగు రోజులు నిలవదు!

ఆగండాగండి, చెట్టు నుంచి వచ్చిందల్లా అమృతం అనుకుంటున్నారా? సీతాఫలం గింజల పొడి పేలకు మందని తలకు రాసుకుని, అది కంట్లో పడి, కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతిని ఆస్పత్రికి పరుగెత్తిన వాళ్ల కేసులు వైద్య పత్రికల్లో బోలెడు. పండు తినండి, గింజ ఉమ్మేయండి. తలకు మాత్రం వద్దు!

డెర్రిస్ తీగ వేరులో ఉండే రోటెనోన్ అచ్చమైన ‘సహజ’ పురుగుమందు. చెరువులో కలిపితే చేపలు తేలిపోతాయి, కొన్ని ఆదివాసీ తెగల వేట పద్ధతి అదే. 2000లో దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే ఏమైందో మీకు తెలుసా? పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలొచ్చాయి! ‘సహజం’ అన్న లేబుల్ చూసి గుడ్డిగా నమ్మే వాళ్లకు ఈ ఒక్క ఎలుక కథ చాలదూ!

ఇంకో బాంబు. అమెరికన్ల తిండిలో ఉండే పురుగుమందుల్లో బరువు లెక్కన 99.99 శాతం మొక్కలు సొంతంగా తయారుచేసుకున్నవే అని 1990లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ బృందం తేల్చింది. మనిషి రోజుకు ఒకటిన్నర గ్రాములు మింగుతాడట. క్యాబేజీ, ఆవాలు, మిరియాలు... మనం ‘రుచి’ అంటున్నది చాలావరకు మొక్క మన మీద వేసిన విషమే!

కెఫీన్ కూడా అంతేనని మీకు తెలుసా? కాఫీ మొక్క దాన్ని తయారుచేసుకున్నది మన నిద్ర వదిలించడానికి కాదు, పురుగుల పీడ వదిలించుకోవడానికి. 1984లో హార్వర్డ్ పరిశోధన తేల్చిన సంగతి ఇది. అరకు లోయలో పండేది అక్షరాలా పురుగుమందు. పొద్దున్నే ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు!

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. కాఫీ కాయతొలుచు పురుగు ఆ గింజలోనే కాపురం పెట్టి, గింజలోనే పిల్లల్ని కంటుంది. మనిషి లెక్కలో చెప్పాలంటే 500 ఎస్ప్రెస్సోలు తాగినంత కెఫీన్! దాని పొట్టలోని బ్యాక్టీరియా కెఫీన్‌ను ముక్కలు చేసి పారేస్తుంది. రాత్రి నిద్ర ఎలా పడుతుందో ఆ బ్యాక్టీరియానే అడగాలి.

గుంటూరు మిరప ఘాటు ఎవరి కోసం? బొలీవియా అడవి మిరపల మీద చేసిన పరిశోధన 2008లో జవాబు చెప్పింది. గింజల్ని కుళ్లబెట్టే శిలీంధ్రాన్ని ఆపడానికి! మరి చిలకలు మిరపకాయలు హాయిగా ఎలా కొరుకుతాయి? పక్షుల నాలుకకు ఆ మంట తెలియనే తెలియదు. గింజల్ని దూరాలకు మోసుకెళ్లే వాళ్లకు టికెట్ ఫ్రీ, మనకేమో కన్నీళ్లు!

ఆఫ్రికాలో ఈ ఘాటునే ఏనుగుల మీద ప్రయోగిస్తున్నారు. మిరపపొడి, పేడ కలిపిన ఇటుకలు పొలం గట్టున కాలిస్తే ఆ పొగకు గజరాజు వెనక్కి తిరగాల్సిందే. మూడు టన్నుల జంతువుకు తుమ్ములే తుమ్ములు!

కానీ 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని నల్ల తామర పురుగు చుట్టుముట్టింది. మిల్లీమీటరు మించని పురుగు. పూతలోనే దూరి కూర్చుంటుంది. ఏనుగు పారిపోయే చోట ఇది విందు చేసుకుంది. నవ్వు రావడం లేదు కదూ? ఆ ఏడాది మిరప రైతులకూ రాలేదు.

పొగాకు మొక్క నికోటిన్‌ను ఎక్కడ తయారుచేస్తుంది? ఆకుల్లో అన్నారా? తప్పు! వేళ్లలో. అక్కడి నుంచి ఆకులకు పంపుతుంది. అందుకే పొగాకు వేరు మీద టమాటా కొమ్మను అంటు కడితే టమాటా ఆకుల్లో నికోటిన్ చేరుతుంది. ‘సింప్సన్స్’ కార్టూన్‌లో 1999లో సరదాగా పుట్టిన ఈ పొగాకు–టమాటాను అమెరికాలో ఓ అభిమాని 2003లో నిజంగానే పెంచాడు. పప్పులో మాత్రం వేయకండి!

అమెరికాలో పొగాకు తినే ఒక పచ్చటి గొంగళి పురుగుంది. తిన్న నికోటిన్‌లో కొంత రక్తంలోకి తీసుకుని, ఒంటి మీది రంధ్రాల గుండా ఊపిరిగా వదులుతుంది. వేటాడే సాలీడు దగ్గరికొచ్చి, వాసన చూసి, ముఖం తిప్పుకుని వెళ్లిపోతుంది! 2014లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ బయటపెట్టిన సంగతి. బీడీ కంపు ప్రాణం కాపాడిన సందర్భం సృష్టిలో బహుశా ఇదొక్కటే.

ఆ నికోటిన్ మాదిరిగా నరాల మీద పనిచేసే మందును రసాయన శాస్త్రవేత్తలు 1985లో జపాన్‌లో తయారుచేశారు. పేరు ఇమిడాక్లోప్రిడ్. రసం పీల్చే పురుగులకు యముడు. తీరా చూస్తే తేనెటీగలకూ ముప్పేనట! 2018లో ఐరోపా యూనియన్ ఆరుబయట పొలాల్లో దాన్ని నిషేధించింది. మొక్క నేర్పిన పాఠంలో మనం ఒక పేజీ చదవకుండా వదిలేశామన్నమాట.

దోమల చుట్టను చుట్టగా చుట్టమన్నది ఎవరో మీకు తెలుసా? ఒక ఇల్లాలు! జపాన్‌లో ఎయిచిరో ఉయెయామా పైరిథ్రమ్ చామంతి పొడితో అగరొత్తులు చేశాడు. అవి ముప్పావు గంటలోపే ఆరిపోయేవి. నిద్ర మధ్యలో దోమలు తిరిగి హాజరు. 1895లో భార్య యుకి ‘పాములా చుట్టేయకూడదూ’ అంది. ఇప్పుడు ఏడు గంటలు కాలుతుంది. నోబెల్ రాలేదు గానీ నిద్ర వచ్చింది!

నోబెల్ అంటే గుర్తొచ్చింది. ఆ చామంతిలోని పైరిథ్రిన్‌ల గుట్టు విప్పబోయింది హెర్మన్ స్టౌడింగర్, లియోపోల్డ్ రుజిచ్కా. ఆ తర్వాత రుజిచ్కాకు 1939లో, స్టౌడింగర్‌కు 1953లో నోబెల్ వచ్చింది, వేరే పనులకు! పువ్వులో పురుగుల్ని చంపే అణువులు ఆరు. అందులో చేయి పెట్టిన ఇద్దరికీ పతకాలు. బోణీ మంచిదే.

పైరిథ్రిన్‌తో ఒక్కటే చిక్కు, ఎండలో గంటల్లో మాయమవుతుంది. ఇంగ్లండ్ రోథమ్‌స్టెడ్‌లో మైకేల్ ఇలియట్ ఆ అణువును సాగదీసి, కత్తిరించి, 1973లో పర్మెత్రిన్, 1974లో డెల్టామెత్రిన్ తయారుచేశాడు. ఇవి ఎండకు రోజుల తరబడి నిలుస్తాయి. మందు పూసిన దోమతెరల్లో ఉండేవి ఇవే. చామంతి మంచాల దాకా వచ్చేసింది!

కుక్కకు రాసే పర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే ఏమవుతుందో మీకు తెలుసా? ప్రాణం మీదికి వస్తుంది! దాన్ని విరిచే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఒకే ఇంట్లో రెండూ ఉంటే సీసా మీది బొమ్మ రెండుసార్లు చూసుకోండి.

ఇక ప్రొటీన్ల వంతు. కాస్త సర్దుకుని కూర్చోండి, కథ పట్టుపురుగుల దగ్గర మొదలవుతుంది. 1901లో జపాన్‌లో షిగెతానే ఇషివాతా అనే ఆయన, పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే కారణం వెతికాడు. దొరికింది ఒక బ్యాక్టీరియా. 1911లో జర్మనీ తురింగియాలో పిండిపురుగు నుంచి ఎర్నెస్ట్ బెర్లినర్ అదే పట్టి పేరు పెట్టాడు. బాసిల్లస్ తురింజెన్సిస్. మన రైతు నోట బీటీ! పట్టు పరిశ్రమ శత్రువు పత్తి రైతు మిత్రుడయ్యాడు.

బీటీ అంటే 2002లో విత్తన ప్యాకెట్‌తో పుట్టిందనుకుంటున్నారా? 1938లోనే ఫ్రాన్స్‌లో ‘స్పోరీన్’ పేరుతో మందుగా అమ్మారు! ఇప్పటికీ ఆ బ్యాక్టీరియాను సేంద్రియ రైతులు చల్లవచ్చు. అదే ప్రొటీన్ విత్తనంలో ఉంటే మాత్రం సేంద్రియం కాదు. బయట రాసుకుంటే పసుపు, లోపలికెళితే పాపం!

బీటీ ప్రొటీన్ పురుగునే ఎందుకు చంపుతుంది, మనల్ని ఎందుకు చంపదు? గొంగళి పురుగు పొట్ట సబ్బునీళ్లకన్నా ఘాటైన క్షారం. అక్కడే ఆ ప్రొటీన్ స్ఫటికం కరిగి, కోత పడి, పేగు గోడలోని గ్రాహకాన్ని పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. మన జీర్ణాశయం ఆమ్లం, ఆ గ్రాహకాలూ మనకు లేవు. బతికించింది ఆవకాయ కాదు, ఆమ్లం!

1976లో ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో చచ్చిన దోమపిల్లలున్న నీటిమడుగులో మరో బీటీ రకం దొరికింది. ఇప్పుడు ప్రపంచమంతటా దోమల నివారణకు నీళ్లలో చల్లుతున్నది అదే. ఎడారిలో దోమల మందు! ఎవరికి ఎక్కడ రాసిపెట్టి ఉందో!

బ్యాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్టు మొక్కలో పెడితే ప్రొటీన్ నామమాత్రంగా వచ్చేది. మాన్‌శాంటో శాస్త్రవేత్తలు ప్రొటీన్‌ను మార్చకుండా జన్యువు అక్షరక్రమాన్ని మాత్రం మొక్కల యాసలోకి తిరగరాశారు. దిగుబడి 100 రెట్ల దాకా పెరిగింది! కథ అదే, యాస మారగానే మొక్కకు అర్థమైపోయింది.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి 2002 మార్చిలో. కానీ 2001లోనే గుజరాత్‌లో శనగపచ్చ పురుగు విజృంభిస్తే ‘నవభారత్ 151’ అనే రకం వేసిన చేలు మాత్రం చెక్కుచెదరలేదు. అనుమానం వచ్చి పరీక్షిస్తే లోపల బీటీ! అనుమతి కన్నా ముందే పంట చేతికొచ్చేసింది. పెళ్లికి ముందే బారసాల!

450 గ్రాముల బీటీ ప్యాకెట్ ఒకప్పుడు రూ.1,850. అందులో రూ.1,250 ఒక్క ఆ జన్యువుకు కట్టే రుసుమే! 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ గడప తొక్కింది. చివరికి ధర రూ.750కి దిగింది. ఒక ప్రొటీన్ ధరను కోర్టుకీడ్చిన రాష్ట్రం మనదే.

ఆ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు విడిగా ఇచ్చేవారు. ఎందుకో మీకు తెలుసా? పురుగులు తినడానికి! చేను చుట్టూ వాటి కోసం విందు పెట్టాలి. అక్కడ పెరిగిన అమాయకపు పురుగు, బీటీని తట్టుకున్న మొండి పురుగును పెళ్లాడితే పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయని లెక్క. చాలామంది ఆ పొట్లం గట్టు మీద పారేశారు. పురుగుల కోసం వ్యవసాయం ఎవరు చేస్తారండీ!

ఫలితం? గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీని తట్టుకుంటోందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. అమెరికాలో అదే పురుగు కథ ఇంకోలా ముగిసింది. బీటీ పత్తి వేసి, పైనుంచి విమానాల్లో గొడ్డు రెక్కపురుగుల్ని గుమ్మరించారు. 2018లో పురుగు దేశం వదిలిందని ప్రకటించారు. ఒకే పురుగు, ఒకే ప్రొటీన్. ఒక దేశంలో సమాధి, ఇంకో దేశంలో సంతానం!

మొండి పురుగుకు మొండి ప్రొటీన్ కావాలి కదా. 2016లో హార్వర్డ్‌లో డేవిడ్ లియు బృందం బీటీ ప్రొటీన్‌ను వైరస్‌ల మీద ఎక్కించి, 500కు పైగా తరాలు పరిణామం చెందించింది. చివరి ప్రొటీన్, పాతదాన్ని లెక్కచేయని పురుగుల మీద 335 రెట్ల దాకా ఘాటుగా పనిచేసింది. 500 తరాలు మనుషులకైతే పది వేల ఏళ్లు దాటుతుంది. అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటే సరిపోయింది!

బీటీ వంకాయ సంగతి. 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ దాన్ని ఆపేయమన్నారు. అంతకు ముందు హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు. పక్కనే బంగ్లాదేశ్ 2013లో నాలుగు రకాలకు పచ్చజెండా ఊపింది. గుత్తివంకాయ కోసం ఏడు ఊళ్లు వాదించుకున్న దేశం మనది కాక మరేది!

మొక్క జన్యువునే ఇంకో మొక్కకిచ్చి పురుగును తిప్పికొట్టింది మొదటిసారి ఏ గింజతోనో మీకు తెలుసా? మన బొబ్బర్లు! పేగులో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థం వాటిలో ఉంది. ఆ జన్యువును 1987లో ఇంగ్లండ్ డర్హమ్ శాస్త్రవేత్తలు పొగాకులో పెట్టారు. తిన్న పురుగుకు తీరని అజీర్తి. వడలుగా వేయించుకుంటే మనకేం కాదు, వేడికి ఆ పదార్థం చాలావరకు చల్లబడుతుంది.

సాలీడు విషం సీసాల్లో అమ్ముతున్నారని మీకు తెలుసా? ఆస్ట్రేలియా బ్లూ మౌంటెన్స్ గరాటు సాలీడు విషంలోని ఒక పెప్టైడ్‌ను ఈస్ట్‌తో పులియబెట్టి తీస్తారు. పురుగు నరాలకు గురి, మనుషులకూ తేనెటీగలకూ మినహాయింపు. అమెరికాలో 2014లో అనుమతి, 2020లో వెస్టారాన్ కంపెనీకి హరిత రసాయన అవార్డు. సాలీడుకు మాత్రం రాయల్టీ సున్నా!

ఆ మందును బీటీతో కలిపి కొడతారు. బీటీ పేగుకు కన్నం వేస్తుంది, సాలీడు విషం ఆ కన్నంలోంచి దూరుతుంది. ఒకడు తాళం, ఇంకొకడు దోపిడీ. పక్కా ప్లాను!

కన్నం లేకుండా దూరాలంటే? సాలీడు విషానికి స్నోడ్రాప్ పువ్వు లెక్టిన్ ప్రొటీన్‌ను అతికించారు బ్రిటన్ శాస్త్రవేత్తలు. ఆ లెక్టిన్ పేగు గోడ దాటించే పల్లకీ. 2014లో తేనెటీగలకు పెట్టి చూస్తే వాటి జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. సగం సాలీడు, సగం పువ్వు! నరసింహావతారం తర్వాత ఇదే.

ఇదే లెక్టిన్ 1998లో ఒక తుపాను లేపింది. స్కాట్లండ్‌లో ఆర్పాడ్ పుష్టాయ్ ఆ జన్యువున్న ఆలుగడ్డలు తిన్న ఎలుకలు సరిగా ఎదగలేదని టీవీలో చెప్పారు. ఆయన పనిచేసే సంస్థ ఆయన్ను పక్కనపెట్టింది, రాయల్ సొసైటీ ప్రయోగమే లోపభూయిష్టమంది. ఎలుకలు తిన్నది ఆలు, శాస్త్రవేత్త తిన్నది చీవాట్లు.

బీటీ తెల్లదోమను ఏమీ చేయలేదు. మరి ఎవరు చేస్తారు? ఒక ఫెర్న్! లక్నో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు ఫెర్న్ నుంచి ‘టీఎంఏ 12’ అనే ప్రొటీన్ తీసి, ఆ జన్యువును పత్తిలో పెట్టి, తెల్లదోమను నిలువరించారు. 2016లో ప్రపంచానికి చూపించారు. పువ్వు పూయదు, కాయ కాయదు అని మనం చిన్నచూపు చూసే మొక్క!

పోర్చుగల్ వాళ్లు తీపి లూపిన్ అనే పప్పుజాతి గింజల మొలకల్లోని ప్రొటీన్‌తో బూడిద తెగులు మందు చేశారు. మొలకలు తింటే మనకు బలం, చల్లితే బూజుకు మరణం.

ఇంకో ప్రొటీన్, హార్పిన్. పురుగునూ చంపదు, తెగులునూ చంపదు. మొక్కను భయపెడుతుంది అంతే! ‘దొంగలొచ్చారు’ అనుకుని మొక్క తలుపులన్నీ వేసుకుంటుంది. కార్నెల్‌లో 1992లో దొరికింది, 2000లో అమెరికా అనుమతించింది. పుకారును సీసాలో పోసి అమ్మడమంటే ఇదే!

1960లలో కాంగోలో నార్వే డాక్టర్ లోరెంట్స్ గ్రాన్ ఒక వింత చూశాడు. గర్భిణులు కాన్పు త్వరగా కావడానికి ఒక మొక్క కషాయం తాగుతున్నారు. పనిచేసేది ప్రొటీన్. కానీ ప్రొటీన్ మరిగిస్తే చెడాలి కదా! 1995లో గుట్టు తెలిసింది. దానికి కొసలే లేవు. 29 అమైనో ఆమ్లాల గుండ్రటి గొలుసు, మధ్యలో మూడు ముళ్లు. విప్పడానికి కొస దొరికితేనా!

అది కాన్పు కోసం పుట్టిందనుకోకండి. 2001లో తేలిందేమంటే, ఆ గుండ్రటి ప్రొటీన్ గొంగళి పురుగుల ఎదుగుదలను అడ్డుకుంటుంది. మొక్క తయారుచేసుకున్నది పురుగుమందే. మనుషులు పక్కదారిలో వాడేసుకున్నారు!

అలాంటి గుండ్రటి ప్రొటీన్లు మన పెరట్లోనూ ఉన్నాయి. శంఖుపుష్పం! ఆ నీలిపూల తీగ సారంతో ఆస్ట్రేలియాలో ‘సీరో–ఎక్స్’ అనే పత్తి మందు వచ్చింది. శివుడికి పూజ మనది, పేటెంట్ వాళ్లది.

టమాటా మొక్కకు ముక్కుందని మీకు తెలుసా? 1990లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫార్మర్, రయాన్ ఒక మూసిన పెట్టెలో టమాటా పక్కన సేజ్‌బ్రష్ కొమ్మలు పెట్టారు. వాటి నుంచి వచ్చే మిథైల్ జాస్మొనేట్ వాసన తగలగానే టమాటా తన ఆకుల్లో పురుగుకు అజీర్తి తెప్పించే ప్రొటీన్లు నింపేసింది! ఆ వాసన మన జాజి అత్తరులోనూ ఉంది. జాజులు తురుముకుని టమాటా మడిలోకి వెళ్లేవాళ్లు గమనించగలరు.

జన్యుమార్పిడి తిండి ముట్టనని శపథం చేశారా? అయితే శివరాత్రి ఉపవాసానికి చిలగడదుంప కష్టమే! 2015లో 291 సాగు రకాలు పరీక్షిస్తే అన్నింట్లోనూ బ్యాక్టీరియా జన్యువులు దొరికాయి. ప్రయోగశాలలు పుట్టకముందే వేల ఏళ్ల కిందట ప్రకృతి చేసిన మార్పిడి అది. ఏ అనుమతీ అడగలేదు, ఏ విచారణా జరగలేదు!

చివరగా ఇంకొక్కటి. మొక్కలు తమను పీల్చే పురుగుల మీద ఫినాల్ విషాలు ప్రయోగిస్తాయి. మరి తామే చావకుండా వాటిని నిర్వీర్యం చేసే జన్యువొకటి దగ్గరుంచుకుంటాయి. తెల్లదోమ ఆ విషం తాగినా చావదు. ఎందుకో చైనా శాస్త్రవేత్తలు 2021లో పట్టుకున్నారు. ఆ మొక్కల జన్యువే తెల్లదోమ శరీరంలో ఉంది! ఎప్పుడో మొక్క నుంచి ఎత్తుకొచ్చి సొంతం చేసుకుంది. మొక్క నుంచి కీటకానికి చేరి పనిచేస్తున్న జన్యువు కనబడ్డం అదే మొదటిసారి. శాస్త్రవేత్తలు టమాటాను మార్చి, ఆ దొంగసొత్తును దోమలో మూగబోయేట్టు చేస్తే దోమలు టపటపా రాలాయి. ఇక పేటెంట్ ఆఫీసుకు ఒక సందేహం: ఆ జన్యువు మీద హక్కు మొక్కదా, దోమదా?